మెడ లేని వేరు

పరుగు!

నీలం డ్రమ్ముల మధ్య ఇరుకు సందులో ప్రశాంతి పరుగెత్తుతోంది. చెప్పులు ఎక్కడో జారిపోయాయి. పాదాలకు నేల జిగురుజిగురుగా అంటుకుంటోంది. ఎప్పుడో ఒలికిన మామిడి గుజ్జు. పులిసిన వాసన.

చీకటి!

బయట చిత్తూరు ఎండ మాడ్చేస్తోంది. కిటికీ అన్నదే లేని ఈ గోడౌన్‌లో మాత్రం అర్ధరాత్రి.

వెనక అడుగులు...

దగ్గరవుతున్నాయి. తొందరేమీ లేని అడుగులు!

టార్చి వెలుగు ఆమె నెత్తి మీదుగా సాగి గోడను తాకింది. అక్కడ... తలుపు! ఇనప తలుపు!

రెండు చేతులా పట్టుకుని గుంజింది. ఊహూఁ. భుజంతో గుద్దింది. తలుపు కదల్లేదు. భుజం కలుక్కుమంది.

"అది బయట గొళ్లెమమ్మా."

వెనక నుంచి మాట. కోపం లేదు, కేక లేదు.

"యాడికని పరిగెత్తుతావు? కాలు జారి పడితే నాకే కదా తిట్లు. రా, పోదాం."

వరదయ్య! ఇందాక కారులో ఆమెను తీసుకొచ్చిన మనిషి. బక్కపలచగా ఉంటాడు. యాభై దాటి ఉంటాయి. మొలలో దోపుకున్న కత్తి మాత్రం అంత బక్కపలచటిది కాదు.

"వదిలెయ్యన్నా... నేనేం చూళ్లేదు!"

"చూసినావు కాబట్టే కదమ్మా పరిగెత్తినావు."

నిజమే. చూసింది.

కాసేపటి క్రితం దాకా ఇది మామూలు పనే. ప్రశాంతి తిరుపతిలో ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పీహెచ్‌డీ చేసింది జిన్సెంగ్ అనే చైనా మందువేరు మీద, ఆ కుటుంబం మొక్కల మీద, వాటిలో ఉండే రసాయనాల మీద. మూలికల వ్యాపారులు అప్పుడప్పుడూ పిలుస్తారు. సరుకు అసలా, కల్తీయా చూసి చెబుతుంది. ఈ పొద్దున ఫోన్ వచ్చింది. "జిన్సెంగ్ వేరు ఒకటి చూడాల మేడమ్. కారు పంపిస్తాం. మీ సామాన్లన్నీ తెచ్చుకోండి." వచ్చింది! కారు చిత్తూరు దాటి పలమనేరు రోడ్డెక్కి, సీజన్ అయిపోయి మూతపడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలోకి తిరిగినప్పుడు కూడా అనుమానం రాలేదు. గోడౌన్‌లో నడుస్తుంటే కాలికి టార్పాలిన్ చిక్కుకుని పక్కకు జరిగింది. కింద... ఎర్రటి దుంగలు. బెరడు ఒలిచి, వరసగా పేర్చి.

ఎర్రచందనం!

అంతే. బ్యాగు పడేసి పరుగందుకుంది.

ఎంత దూరం? గోడ దాకా!

వరదయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టు గట్టిగా లేదు. అయినా విడిపించుకోగలనని ప్రశాంతికి ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

*

లోపలి గది. ఒకే ఒక ట్యూబ్‌లైట్. కింద స్టీలు టేబుల్. టేబుల్ వెనక మునిరత్నం.

తెల్ల చొక్కా, నుదుటన చిన్న బొట్టు. ఉడకబెట్టిన శెనక్కాయలు ఒలుచుకుని తింటున్నాడు. పెళ్లిళ్లలో బంధువులను పలకరిస్తూ తిరిగే పెద్దాయనలా ఉన్నాడు. శెనక్కాయల ప్లేటు పక్కనే పిస్టల్ ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే నిజంగానే పెద్దాయన అనుకునేది.

"రండి మేడమ్. కూచోండి. భయపడినారా? ఏం భయం లేదు. పని చూసుకోని, నిజం చెప్పి, పోవచ్చు."

తలుపు దగ్గర ఇద్దరు. చేతుల్లో నాటు తుపాకులు.

మూలన కుర్చీలో ఇంకొకడు.

చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. తల వాలిపోయి ఉంది. చొక్కా మీద రక్తం చారలు. ప్రశాంతి చూపు తిప్పుకోబోయింది. అప్పుడు వాడు తల ఎత్తాడు.

ఆ ముఖం!

గిరి...

గిరిప్రసాద్! తన తోడబుట్టినవాడు. పెదవి చిట్లిపోయింది. ఒక కన్ను మూసుకుపోయింది. మూడేళ్లుగా ఇంటికి రాని తమ్ముడు. లారీ తోలుతున్నానని చెప్పి, ఏం లోడు తోలుతున్నాడో అక్కకు తెలిసిపోయిన రోజున ఫోన్ నంబరు మార్చేసిన తమ్ముడు!

పేరు నోటి దాకా వచ్చింది.

వాడి మిగిలిన కన్ను వెడల్పయింది. తల... అడ్డంగా... కాస్తంత కదిలింది.

వద్దు!

ప్రశాంతి మింగేసింది. పేరునూ, ఏడుపునూ కలిపి మింగేసింది.

"ఈయప్పని పట్టించుకోవద్దండి," అన్నాడు మునిరత్నం ఇంకో శెనక్కాయ ఒలుస్తూ. "మా డ్రైవరు. వీడి కథే మీరు తేల్చాల."

"కథా?"

"మా సరుకు సముద్రం దాటి పోయినాది మేడమ్. బదులుగా వేరు వచ్చినాది. ఎవరూ నాటకుండా కొండల్లో పెరిగిన జిన్సెంగ్. ఎన్నో ఏండ్ల వేరంట. ఆ ఒక్క వేరు మన లోడు మొత్తానికి సరి. చెన్నైలో పెట్టె వీడి చేతికిచ్చినారు. రాత్రి ఈడికి తెచ్చినాడు. పొద్దున నేనొచ్చి పెట్టె తెరిచినా. ఏముండాది లోపల?"

ఒక చెక్కపెట్టెను ఆమె ముందుకు తోశాడు.

"మీరే సూడండి!"

మూత తీసింది.

తడి నాచు. దాని మీద... తెల్లగా, నున్నగా, వేలెడు లావున... ముల్లంగి!

కాదు, ముల్లంగి కాదు. కానీ చూడ్డానికి అచ్చం ముల్లంగే.

"కొండ జిన్సెంగ్ అంటే మనిషి మాదిరి కాళ్లూ చేతులూ ఉంటాయన్నారు. దీనికి ఏవి? దీన్ని చూసి బెంగళూరు పార్టీ నా మొహాన ఉమ్మేస్తాడు. సాయంత్రానికి వచ్చేస్తాండాడు." మునిరత్నం గొంతు పెరగలేదు. "దావలో వీడు అసలు వేరు మార్చేసి, ఈ దొంగ వేరు పెట్టినాడని నా అనుమానం. వీడేమో లేదంటాడు. కాబట్టి మీరు చెప్పండి. అసలుదైతే వీడు బతుకుతాడు. దొంగదైతే..."

చెయ్యి తుడుచుకుని పిస్టల్ మీద పెట్టాడు.

"మీకు పనేం ఎక్కువ లేదు. ఒక్క మాట!"

ప్రశాంతి వేరును చేతిలోకి తీసుకుంది. వేరు దొంగదైతే తన నోటితోనే తమ్ముడి ప్రాణం తీయాలి. చూపులకు ఇది దొంగదే!

కొండ జిన్సెంగ్‌కు పైన సన్నటి మెడ ఉంటుంది. ఏటేటా కాండం రాలిపోయిన చోట ఒక మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలను బట్టే వేరు వయసు చెబుతారు. మెడ ఎంత పొడుగైతే ధర అంత. కింద గడ్డం వెంట్రుకల్లా సన్నని పిల్లవేర్లు. భుజాల మీద దగ్గరదగ్గరగా ముడతల గీతలు.

దీనికి మెడ లేదు. పిల్లవేర్లు లేవు. ముడతల సంగతి సరేసరి, అసలు తొక్కే లేదు!

"టైం పడుతుంది," అంది. "పరీక్ష చెయ్యాలి."

"చెయ్యండి. నేను అట్ల పోయి పార్టీతో మాట్లాడి వస్తా. వరదయ్యా! మేడమ్‌కు ఏం కావాలో చూడు."

తుపాకుల వాళ్లిద్దరూ మునిరత్నం వెంట బయటికి పోయారు. తలుపు మూసుకుంది.

బయట గొళ్లెం పడింది. ఠక్!

*

గదిలో ముగ్గురు. అక్క, తమ్ముడు, కత్తి.

ఎవరో తెచ్చి టేబుల్ పక్కన పెట్టిన బ్యాగును ప్రశాంతి తెరిచింది. సామాన్లన్నీ ఉన్నాయి, ఫోన్ తప్ప. చెయ్యి పనిలో పడితే భయం తగ్గుతుందని ఆమెకు తెలుసు. వేరు చివర చిన్న ముక్క కోసింది. కొరికి చూసింది. చేదు! ఆ వెనకే గొంతులో కాస్త తీపి.

ఆశ!

కొంచెం తురుము గాజు గొట్టంలో వేసి, నీళ్లు పోసి గట్టిగా ఊపింది. నురగ లేచింది. ఆగి చూసింది. నురగ దిగలేదు.

"కుంకుడుకాయ మాదిరి నురగొచ్చిందే!" అన్నాడు వరదయ్య ఆసక్తిగా.

"ఆ నురగ వచ్చేది సపోనిన్‌ల వల్ల. కుంకుడులోనూ ఉంటాయి, దీంట్లోనూ ఉంటాయి."

"అయితే అసలుదేనా?"

"నురగను నమ్మి చెప్పలేం. నురగొచ్చేవి అడవి నిండా ఉంటాయి."

జిన్సెంగ్‌లో ఉండే సపోనిన్‌లు వేరు. వాటిని జిన్సెనోసైడ్లంటారు. ఒకటి కాదు, బోలెడు. ఆర్‌జీ వన్, ఆర్‌ఈ, ఆర్‌బీ వన్... మందు గుణమంతా వాటిదే. అవి కనిపించాలి! అందులోనూ ఆర్‌ఎఫ్ అనేది కనిపించి తీరాలి. అది తూర్పు దేశాల జిన్సెంగ్‌లోనే ఉంటుంది. చవగ్గా దొరికే అమెరికా జిన్సెంగ్‌లో ఉండదు. వేరు మార్చాలనుకున్నవాడు పెట్టేది ఆ చవక రకమే.

తురుమును మిథనాల్‌లో నానబెట్టి వెచ్చబెట్టింది. ఆ రసాన్ని సన్నని గొట్టంతో సిలికా పూసిన పలక మీద చుక్క పెట్టింది. పక్కనే, తనతో తెచ్చుకున్న అసలు జిన్సెంగ్ రసం చుక్క. పలకను గాజు జాడీలో నిలబెట్టి మూత పెట్టింది. అడుగునున్న ద్రావణం పలక మీదికి ఎగబాకడం మొదలైంది. అది పైకి పోయేకొద్దీ ఒక్కో రసాయనం ఒక్కో ఎత్తున ఆగి విడిపోతుంది.

ఇక ఎదురుచూడాలి.

ద్రావణం మెల్లగా పాకుతోంది. చాలా మెల్లగా. తమ్ముడి ఆయుష్షు ఆ తడిగీతతో పాటే పైకి పోతోంది. ప్రశాంతి వాడి వైపు చూడకూడదనుకుంటోంది. చూడకుండా ఉండలేకపోతోంది.

అప్పుడు... టేబుల్ మీదున్న వేరు మీద ట్యూబ్‌లైట్ వెలుగు ఏటవాలుగా పడింది.

గీతలు!

సన్నని పలకలు పలకలుగా... పై నుంచి కిందికి... చెక్కిన గుర్తులు. వంటింటి కత్తి కాదు. వంటింటి కత్తి అయితే చుట్టూ తిరుగుతుంది. ఇది ఒకే దిక్కున, ఒకే కోణంలో, ఎంతో ఒడుపుగా దించిన పదును. అచ్చంగా బయట టార్పాలిన్ కింద దుంగల మీద ఉన్నట్టే!

చెక్కిన చోట ఇంకా తడి ఆరలేదు.

నిన్న రాత్రి పని!

ప్రశాంతి నెమ్మదిగా తల ఎత్తింది. వరదయ్య ఆమెనే చూస్తున్నాడు. వాడి ముఖంలో ఇందాకటి ఆసక్తి లేదు.

"నువ్వే కదన్నా?"

వాడి చెయ్యి మొల మీదికి పోయింది.

"దీన్ని చెక్కింది నువ్వే!"

కత్తి బయటికొచ్చింది. చప్పుడు లేకుండా, మొలలోంచి చేతిలోకి.

"మెల్లగా మాట్లాడమ్మా."

కుర్చీలో గిరి కదిలాడు. కట్లు బిగుసుకున్నాయి.

"నేనేం చెడు చెయ్యలేదమ్మా," అన్నాడు వరదయ్య. "శేషాచలంలో ఇరవై ఏండ్లుగా ఇదే పని నాది. మాను కొట్టినాక పైన బెరడు తియ్యాల. బెరడు కింద తెల్లచెక్క తియ్యాల. లోపల చేవ మిగలాల. చేవకే కదా ధర! తెల్లచెక్క ఉంటే ఎవడు కొంటాడు? రాత్రి పెట్టె నా చేతికొచ్చింది. తెరిచి చూస్తే మట్టి, మసి, వెంట్రుకలు, పైన వంకర పుల్ల. పొద్దున అయ్య చూస్తాడు కదా, నీట్‌గా ఉండాలని... చేవ దాకా చెక్కినా."

ప్రశాంతికి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

"చేవ కాదన్నా... దీనికి విలువంతా పైనే! ఆ వంకర పుల్లే మెడ. ఆ వెంట్రుకలే పిల్లవేర్లు. జిన్సెనోసైడ్లు ఎక్కువగా ఉండేది ఆ తొక్కలో, ఆ వెంట్రుకల్లో! నువ్వు చెక్కి పారేసిందే సరుకు! ఆ పొట్టు యాడ? ఉంటే ఇప్పటికైనా..."

"పలమనేరు పాల బండి పొద్దున్నే ఈడ ఆగుతాది. వాళ్ల ఆవుకు పచ్చిమేతలో కలపమని ఇచ్చేసినా."

అంతా గోవిందా!

బెంగళూరు పార్టీ కోట్లు పోసి కొనాల్సిన కొండ జిన్సెంగ్‌ను ఈపాటికి పలమనేరులో ఒక జెర్సీ ఆవు హాయిగా నెమరేస్తోంది.

"పొద్దున అయ్య పెట్టె తెరిచి కేక పెట్టినప్పుడు చెప్పాలనుకున్నా," వరదయ్య కత్తిని అటూ ఇటూ తిప్పుతున్నాడు. "ఆయన చూపు చూసి నోరు పెగల్లేదు. వీడు మార్చినాడన్నాడు. సరే అనేసినా. కొట్టమన్నాడు. కొట్టినా."

"చెయ్యని తప్పుకు పిల్లోడు చచ్చిపోతాడని తెలిసీ!"

"నాకూ కూతురుండాదమ్మా. చిత్తూరులో ఇంటర్ చదువుతాండాది." కత్తి మొన ఆమె వైపు తిరిగింది. "అసలు వేరే అని చెప్పు. ఆ పిల్లోడు బతుకుతాడు. చెక్కిన మాట ఎత్తొద్దు. అంతే నేను అడిగేది. ఎత్తినావంటే... ఆయన నన్ను కాల్చే లోపల నా కత్తి నీకు దిగతాది."

జాడీలో తడిగీత పైదాకా చేరింది.

*

పలక తీసి ఆరబెట్టింది. గంధకామ్లం కలిపిన మందు చల్లింది. మూలన టీ కాచుకునే గ్యాస్ పొయ్యి ఉంది. పెనం పెట్టి, వేడెక్కాక పలకను దాని మీద ఉంచింది.

తెల్లగా... తెల్లగానే ఉంది...

రా... రా...

మొదట పైన ఒక ఊదారంగు మచ్చ. ఆర్‌జీ వన్! దాని కింద ఇంకొకటి. అన్నిటికంటే అడుగున ఆర్‌బీ వన్. పల్చగా ఉన్నాయి. తొక్క పోయింది కదా, పల్చగానే ఉంటాయి. మధ్యలో... ఉందా, లేదా... కళ్లు చికిలించింది...

ఉంది! ఆర్‌ఎఫ్!

అసలు వేరు! తమ్ముడు దొంగ కాదు! ఈ ఒక్క విషయంలోనైనా వాడు దొంగ కాదు! ప్రశాంతికి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఎర్రచందనం తోలినందుకు వాడి మీదున్న కోపమంతా ఆ ఊదా మచ్చల ముందు కరిగిపోయింది.

గొళ్లెం తీసిన చప్పుడు.

మునిరత్నం! వెనకే నాటు తుపాకులు.

"ఏం తేలింది మేడమ్?"

వరదయ్య ఆమె వెనకే నిలబడ్డాడు. చాలా దగ్గరగా. వీపుకు ఏదో చల్లగా తగిలింది.

"అసలుదే," అంది ప్రశాంతి. "జిన్సెంగే. అనుమానం లేదు. ఇదిగో చూడండి, మచ్చకు మచ్చ సరిపోయింది. మీ డ్రైవరు మార్చలేదు."

మునిరత్నం పలక చూడలేదు. వేరును చూశాడు.

"అసలుదైతే ఇట్ల ఎందుకుండాది?"

వీపుకు తగిలిన మొన ఇంకాస్త నొక్కుకుంది.

"అది... పంపినవాళ్లే... శుభ్రం చేసి పంపి ఉంటారు. కొందరు అలా..."

చెప్పేసింది! అబద్ధం! ఇద్దరూ బతికే అబద్ధం! వీపుకు తగిలిన చల్లదనం కాస్త వెనక్కి జరిగింది.

మునిరత్నం తల ఊపాడు. టేబుల్ మీది పిస్టల్ తీసుకున్నాడు.

"అట్లనా? అయితే చెన్నైలో పెట్టె తెరిచి చూసుకోకుండా తెచ్చింది వీడు. కోట్ల సరుకును కళ్లు మూసుకోని తెచ్చినాడు. దొంగతనమైనా, మతిలేనితనమైనా... నాకు ఒకటే."

గిరి నుదుటికి పిస్టల్ ఆనింది.

"వద్దు!"

"మీ పని అయిపోయినాది మేడమ్. మీరు అట్ల తిరిగి నిలబడండి."

గిరి కన్ను మూసుకున్నాడు. మునిరత్నం వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంటోంది...

"వరదయ్య!"

అరిచేసింది.

"వరదయ్య చెక్కినాడు! దుంగను చెక్కినట్టు చెక్కినాడు! ఆ గీతలు చూడండి, ఇంకా తడి ఉంది! మెడ కోసేసినాడు, తొక్క తీసేసినాడు! పిల్లోడికేం తెలియదు!"

కత్తి!

ప్రశాంతి పక్కకు దూకింది. జబ్బ మీద మంట. కుర్తా చెయ్యి చిరిగిపోయింది. నాటు తుపాకి మడమ వరదయ్య మెడ మీద పడింది. ధన్! కత్తి టేబుల్ కిందికి జారిపోయింది. వాడు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"అయ్యా... నీట్‌గా ఉంటాదని చేసినానయ్యా... నా బిడ్డ మీద ఒట్టు..."

మునిరత్నం వాడి వైపు చూడనే లేదు. గిరి నుదుటి మీంచి పిస్టల్ తీశాడు. ప్రశాంతి వైపు తిరిగి నవ్వాడు. మంచి నవ్వు. పెళ్లిలో పలకరించే నవ్వు.

"చాలా థాంక్సమ్మా. మీ తమ్ముడు పుణ్యం చేసుకున్నాడు."

ఏమిటి?

"తెలుసా... మీకు?"

"నా లారీ తోలేవాడికి అక్క ఉండాదని, ఆ అక్క ఏం చదివిందని నాకు తెలియదా? బయటోడిని పిలిస్తే వేరు చూసి, అవునో కాదో ఒక మాట చెప్పి, ఫీజు తీసుకోని పోతాడు. తోడబుట్టింది అట్ల పోదు కదమ్మా! తమ్ముడి తల మీద తుపాకి ఉంటే, తప్పు ఎవడిదో తవ్వి తీసేదాకా వదలదు."

తను పరీక్షించింది వేరును కాదా? వీళ్లు పరీక్షించింది తననా?

"ఇంక మమ్మల్ని పంపించెయ్యండి," అంది. "ఎవరికీ చెప్పను. దేవుడి మీద ఒట్టు."

"చెప్తారమ్మా. ఈపొద్దు చెప్పరు. నెలకో, రెండు నెలలకో మనసు తొలుస్తాది. చదువుకున్నోళ్లు కదా." మునిరత్నం గిరి చేతుల కట్లు తానే విప్పాడు. చొక్కా సర్దాడు. వాడి కుడి చేతిలో పిస్టల్ పెట్టి వేళ్లు మూశాడు. "ఒకటే గుండు ఉండాది. ఈ వరదయ్య నిన్ను కొట్టినాడు. తన తప్పు నీ నెత్తిన ఏసినాడు. కానివ్వు నాయనా."

నాటు తుపాకులు రెండూ ప్రశాంతి వైపు తిరిగాయి.

"నేను కాలిస్తే మీ అక్క పోలీసుల కాడికి పోతాది," మునిరత్నం మెల్లగా చెబుతున్నాడు. "నువ్వు కాలిస్తే యాడికీ పోదు. ఆమె బతికి బయటపడేదానికి ఇదొక్కటే దారప్పా."

"గిరీ! వద్దురా!"

మూడేళ్ల తర్వాత తమ్ముడిని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

గిరి లేచి నిలబడ్డాడు. వరదయ్య తల ఎత్తి వాడిని చూశాడు. చేతులు జోడించాడు.

"గిరీ... నా మాట విను... పారేసెయ్... ఏమైతే అదవుతుంది..."

"నువ్వు కళ్లు మూసుకో అక్కా."

"గిరీ!"

ఢాం!

ట్యూబ్‌లైట్ ఒక్కసారి వణికింది. గది నిండా మందుగుండు వాసన. మామిడి గుజ్జు వాసన ఇక తెలియడం లేదు. జోడించిన చేతులు జోడించినట్టే ఒరిగిపోయాయి.

ప్రశాంతి కళ్లు మూసుకోలేదు. మూసుకోవాలన్న సంగతే ఆమెకు తట్టలేదు.

మునిరత్నం గిరి చేతిలోంచి పిస్టల్‌ను రుమాలుతో తీసుకుని, మడిచి, జాగ్రత్తగా చెక్కపెట్టెలో పెట్టాడు. వేరు పక్కన. మూత వేసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి ప్రశాంతి ఫోన్ తీసి టేబుల్ మీద ఉంచాడు.

"సిగ్నల్ బాగుండాది మేడమ్. ఎవరికైనా చెయ్యాలంటే చేసుకోండి. తలుపు తెరిచే ఉంటాది."

వెళ్లిపోయాడు. తుపాకులూ వెళ్లిపోయాయి. గొళ్లెం పడలేదు.

గోడౌన్ అవతల ఇనప తలుపు బార్లా తెరుచుకుంది. డ్రమ్ముల మీదుగా ఎండ లోపలికి వచ్చింది.

గిరి తన చేతినే చూసుకుంటున్నాడు. తర్వాత అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని ఇంటికొచ్చి, నాయనకు చెప్పొద్దని చూసే చూపు.

ప్రశాంతి ఫోన్ తీసుకుంది. ఒకటి నొక్కింది. ఇంకో ఒకటి నొక్కింది.

రెండు నొక్కితే పోలీసులు. వేలు ఆగింది.

చాలాసేపు ఆగింది. ఫోన్ తెర దానంతటదే ఆరిపోయింది. ఆమె దాన్ని బ్యాగులో వేసుకుంది. పలక తీసి వేసుకుంది. జాడీ కడిగి వేసుకుంది.

"చెయ్యి కడుక్కో," అంది తమ్ముడితో. "పోదాం."